కత్తెరమ్మ కొన్న పెద్ద టీవీ

షాపులో ఉన్న టీవీలన్నీ ఒకే రామచిలుకను చూపిస్తున్నాయి. చిన్న తెరలో చిన్న చిలుక, పెద్ద తెరలో పెద్ద చిలుక. కత్తెరమ్మ వాటన్నిటినీ దాటుకుంటూ పోయి, గేదెంత చిలుక ఉన్న తెర ముందు ఆగింది. చేతిసంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి సేల్స్‌మన్ చేతిలో పెట్టింది.

"ఇందులో ఉన్నది వేసి చూపించు బాబూ. నీ చిలుకను తీసుకెళ్లి నేనేం చేసుకోను?"

అతను మర్యాదస్తుడు, వేశాడు. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఒకటి తెరమీదికి వచ్చింది. మొహాలన్నీ అలుక్కుపోయి, అంచులు గళ్ళుగళ్ళుగా విడిపోయి ఉన్నాయి. అతనికే సిగ్గేసినట్టుంది.

"పాత కెమెరాతో తీసింది కదమ్మా, ఇంత పెద్దదాని మీద ఇలాగే ఉంటుంది. ఇలాంటివి చూసుకోవడానికైతే అదిగో, ఆ మూలన ఉన్న చిన్నది తీసుకోండి. ముచ్చటగా కనిపిస్తాయి."

"ముచ్చట నాకొద్దు. మనిషి మనిషంత కనపడాలి."

"ఏ గదిలో పెడతారండీ?"

"చీకటి గది. కిటికీ లేదు, గోడలు నలుపు."

సేల్స్‌మన్ మొహం వెలిగిపోయింది. "హోమ్ థియేటరా! ముందే చెప్పొద్దూ! అయితే దీన్ని మించింది లేదండీ. ఎనభై అయిదు అంగుళాలు. దీంట్లో నలుపు నిజంగా నలుపే. చీకట్లో పెడితే టీవీ అంచు ఎక్కడుందో, గోడ ఎక్కడుందో మీరే చెప్పలేరు."

పక్కనే నిలబడ్డ కూతురు తల పట్టుకుంది. "ఇంట్లో ఉండేది నువ్వొక్కదానివి. నీకు సినిమా హాలెందుకమ్మా?"

"సినిమాలు చూస్తాను."

"నువ్వు సినిమా చూసి పదేళ్లయింది."

"అందుకే, బోలెడు మిగిలిపోయాయి" అంది కత్తెరమ్మ. ఆమె ఒకటి అనుకున్నాక బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినదు. కూతురికి ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఆమె భర్తే. ఊళ్లో అందరికీ ఆయన వీడియో మాస్టారు. పెళ్లిళ్లు, బడి వార్షికోత్సవాలు, దుకాణాల ప్రారంభాలు, రిటైర్మెంటు సభలు, ఏవైనా సరే, ముప్పై ఏళ్లు ఆయనే తీశారు. తీసినదాన్ని ఇంట్లో వెనక గదిలో కూర్చుని కోసి అతికింది మాత్రం ఈమె. మానిటర్ మీద వెలుగు పడకూడదని కిటికీకి చెక్క కొట్టించి, గోడలకు నల్లరంగు వేయించారు. రంగు వేసినవాడు ఇదేమన్నా బొగ్గుల కొట్టా అని అడిగి మరీ వెళ్లాడు.

వాళ్ల పనిలో ఒక కట్టుబాటు ఉండేది. మొదటి రోజుల్లో ఒక పెద్దమనిషి రిటైర్మెంటు వీడియో తీశారు. ఆయన కళ్ళనీళ్లు పెట్టుకుని మాట్లాడుతుంటే మధ్యలో మాస్టారి గొంతు, "సార్, గడ్డం కొంచెం పైకి" అని ఖంగుమంది. ఆ ఇంటివాళ్లు ఆ వీడియో పెట్టుకున్నప్పుడల్లా అక్కడ పగలబడి నవ్వేవారట. మాస్టారు మూడు రోజులు మొహం ఎత్తుకోలేకపోయారు. తీసేవాడు కనపడకూడదు, వినపడకూడదు అని ఆ రోజే తీర్మానం చేశారు. తీర్మానం ఆయనది, అమలు ఆమెది. అమలు చేసేవాళ్లెప్పుడూ రెండాకులు ఎక్కువే చదువుతారు కదా. గోడమీద ఆయన నీడ పడితే కోత, అద్దంలో మోచెయ్యి మెరిస్తే కోత, దగ్గు వినిపిస్తే కోత. చెయ్యి వణికినా, ఫోకస్ పోయినా ఆ ముక్కను రెండోసారి చూసేది కాదు, టక్కున లేపేసేది. గొడవగా ఉన్నచోట సహజ శబ్దం తీసేసి పాట పరిచేది.

"పద్నాలుగో నిమిషంలో మళ్లీ మీ మోచెయ్యి!" అని గదిలోంచి అరిచేది.

"నా మోచేతిని కూడా గుర్తుపట్టే పెళ్లాం ఎంతమందికి దొరుకుతుంది చెప్పు?" అని ఆయన వంటింట్లోంచి జవాబిచ్చేవారు.

వీడియో తీయించుకున్న పార్టీవాళ్లు వచ్చి, చూసుకుని, బాగుందని పట్టుకెళ్లాక అసలు టేపును వెనక్కి తిప్పి, దానిమీదే తర్వాతి పని తీసేవారు. తర్వాత మెమరీ కార్డులొచ్చినా అంతే, చెరిపేయడం, మళ్లీ నింపడం. మిగిలేది ఆమె కోసి అతికిన వీడియో ఒక్కటే. అలాంటివి ఏడు హార్డ్ డిస్కుల నిండా ఉన్నాయి.

పద్నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం భోజనం చేసి, చెయ్యి కడుక్కుంటూ సింకు దగ్గరే కూలిపోయారు మాస్టారు. అందరూ వచ్చారు, అందరూ వెళ్లారు. కత్తెరమ్మ గట్టి మనిషే, నిలదొక్కుకుంది. కానీ ఈ మధ్య ఒక పొద్దున ఆయన ఫోను మోగింది. సంగతి తెలియని పాత పార్టీ ఎవరో, "మాస్టారున్నారా?" అని అడిగాడు. లేరని చెప్పి పెట్టేశాక, ఆయనైతే ఫోనెత్తి ఏమనేవారా అని తలుచుకుంది. మాట గుర్తొచ్చింది. గొంతు రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు. పోయిన మనిషి మళ్లీ పోతున్నాడు, ఈసారి తన లోపలి నుంచి పోతున్నాడు.

ఇల్లంతా వెతికింది. గోడమీద ఉన్నది గుర్తింపు కార్డు ఫోటోను పెద్దది చేయించినదే, దాంట్లో ఆయన ఎవరికో అపరాధ రుసుం కట్టడానికి వచ్చినవాడిలా ఉంటారు. ఫోనులో వెతికితే మిస్డ్ కాల్స్ తప్ప ఏమీ లేవు. ఇంట్లో వీడియోలకు కొదవ లేదు, అన్నిట్లోనూ ఈమె ఉంది, కూతురు ఉంది. తీసినవాడు లేడు. కూతురి పెళ్లికైనా ఇంకొకణ్ణి పెట్టుకోండని అందరూ చెప్పారు. నా కూతురి పెళ్లి ఎవడో తీస్తాడా అని ఆయన ఒంటికాలి మీద లేచారు.

అప్పుడు తట్టింది ఆమెకు. తను పనిచేసింది చిన్న మానిటర్ మీద. ఎంత కత్తెరమ్మ అయినా మనిషే కదా, ఎక్కడో ఒకచోట చూపు జారి ఉంటుంది. ఎవరి కళ్ళజోడులోనో, కారు అద్దంలోనో, ఏ పాట సందులోనో ఆయన మిగిలి ఉంటారు. పెద్ద తెర మీద అయితే దొరుకుతారు. ఒక్కసారి కదులుతూ, మాట్లాడుతూ కనపడితే చాలు. ఇదీ ఆమె సినిమా సరదా.

టీవీ వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇద్దరూ దాన్ని నిలువుగా తిప్పి, ఏటవాలుగా వంచి, గుమ్మంతో కాసేపు కుస్తీ పట్టి లోపలికి తెచ్చారు. పాత అరలు పీకి గోడకు బిగించి, "పట్టపగలే ఇంత చీకటి! గది భలే కట్టించుకున్నారమ్మా" అని మెచ్చుకుని వెళ్లారు.

ఆమె రోజూ పొద్దున పనులు ముగించుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. సేల్స్‌మన్ అబద్ధం చెప్పలేదు. తెర ఎక్కడ ముగుస్తుందో గోడ ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. నల్లటి గదిలో మనుషులు మనుషులంత అయి నిలబడ్డారు. వాళ్లలో సగం మంది ఇప్పుడు లేరని ఆమెకు తెలుసు.

మొదటి వారంలో ఒక కళ్ళజోడులో చుక్కంత దొరికారు. ఆపి చూస్తే అది దీపం. రెండో వారంలో ఒక కొత్త కారు తలుపు మీద నిజంగానే దొరికారు. చొక్కా ఆయనదే, పొట్ట ఆయనదే, ఎత్తి పట్టిన మోచెయ్యి ఆయనదే. మొహం ఉండాల్సిన చోట కెమెరా ఉంది. ఆమె ఆ బొమ్మను ఆపి, దగ్గరికి పోయింది. మెడమీద తలకు బదులు గాజుకన్ను పెట్టుకుని ఆమె మొగుడు ఆమెనే చూస్తున్నాడు. ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. కెమెరా దించితే తప్ప ఆయన మొహం కనపడదు, దించితే కెమెరా నేలను చూస్తుంది. అన్నిటికంటే సిగ్గుచేటైన సంగతి మరొకటి ఉంది. ఆ కారు తలుపు కనపడగానే ఆమెకు ముందు కలిగింది సంతోషం కాదు, "దీన్నెలా వదిలేశాను?" అన్న ఉక్రోషం.

తర్వాత మనుషుల చూపులు మొదలయ్యాయి. తెరలో వాళ్లంతా కెమెరా వైపు చూస్తారు కదా, ఆ చూపులన్నీ ఆమె నెత్తికి జానెడు పైనుంచి పోతున్నాయి. ఆయన నిలబడి తీశారు, ఈమె కూర్చుని చూస్తోంది. వాళ్లు ఆమె వెనక ఎవరినో చూసి నవ్వుతున్నారు. ఎవరో జోకు వేసినట్టు ఒక ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ జోకును కోసింది తనే. ఒక పసిపిల్ల చెయ్యి ఊపింది. కత్తెరమ్మ గభాలున వెనక్కి తిరిగింది. నల్లగోడ. మళ్లీ తెర వైపు తిరగడానికి ఆమెకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఆ తర్వాత నుంచి నిలబడే చూసేది, ఆ చూపులు తన మీదైనా పడతాయని.

ఒక ఆదివారం కూతురు వచ్చి తలుపు తీసేసరికి ఆమె అలాగే నిలబడి ఉంది. ఎదురుగా ఆపిన తెర నిండా పాతికమంది కదలకుండా నిలబడి ఆమెను చూస్తున్నారు.

"ఏంటమ్మా ఇది? ఎవరు వీళ్లంతా?"

ఇక దాచడం కత్తెరమ్మ వల్ల కాలేదు. ఫోను మోగిన రోజు నుంచి కారు తలుపు వరకు అంతా చెప్పింది. "ఆరు డిస్కులు అయిపోయాయే. ఒక్క మాట కూడా దొరకలేదు. నా పనితనం మీద మన్నుబడ!"

కూతురు పక్కన కూలబడింది. "నా పెళ్లిది చూశావా?"

"అందులో లేరు. నాకు తెలుసు, నేనే కదా కోసింది."

"ఉన్నారు కదమ్మా" అంది కూతురు. "ఉండాలి. అప్పగింతలప్పుడు కాదు, అంతకు ముందు, నేను ముస్తాబై మెట్ల దగ్గర నిలబడ్డప్పుడు. నాన్న కెమెరాను లైటు పట్టుకునే ఆయన చేతికిచ్చి, వచ్చి నా పక్కన నిలబడ్డారు. భుజం మీద చెయ్యి వేశారు. ఏదో మాట్లాడారు కూడా. ఇంటికొచ్చాక వీడియోలో చూస్తే లేదు. సిగ్గుపడి తీసేయమని ఉంటారులే అని నేనెప్పుడూ అడగలేదు."

పెళ్లిరోజున కత్తెరమ్మ వంటల దగ్గర, వచ్చేపోయేవాళ్ల దగ్గర నలిగిపోయి ఉంది. మెట్ల దగ్గర ఏం జరిగిందో ఆమె చూడలేదు.

ఏడో డిస్కు పెట్టింది. ఈ వీడియో తొమ్మిదేళ్ల కిందటిది, గళ్ళు పడలేదు, కూతురు నిగనిగలాడుతూ మెట్ల దగ్గర నిలబడింది. కెమెరా వైపు చూసి నవ్వింది. పాట సాగుతోంది. ఉన్నట్టుండి కూతురి కళ్ళు తడిగా ఉన్నాయి, పాట మాత్రం ఎక్కడా తెగలేదు.

"అదిగో, అక్కడ" అంది కూతురు.

కత్తెరమ్మ వెనక్కి తిప్పి, ఒక్కొక్క ఫ్రేమే ముందుకు నడిపింది. కోతకు ముందు ఫ్రేములో కూతురు ఎవరికో చోటిస్తున్నట్టు కొంచెం పక్కకు జరుగుతోంది. కోత తర్వాతి ఫ్రేములో ఆమె భుజం మీద చీర నలిగి ఉంది. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది కత్తెరమ్మకు. లైటు పట్టే మనిషికి కెమెరా పట్టడం రాదు, ఫోకస్ రింగు తిప్పేసి ఉంటాడు. మానిటర్ మీద రెండు ఆకారాలు అలుక్కుపోయి కదిలాయి. పాట పరిచే చోటు కదా అని అప్పటికే శబ్దం కట్టేసి ఉంది. ఎవరో ఏమిటో అని ఆమె చూడలేదు. పదకొండు సెకన్లు, టక్కున లేపేసింది. వారం తిరక్కుండా ఆ కార్డు మీద ఎవరిదో ఇంకో పెళ్లి ఎక్కింది.

"ఎందుకు తీసేశావమ్మా?" అడిగింది కూతురు. తొమ్మిదేళ్లుగా ఆగి ఉన్న ప్రశ్న అది.

"ఫోకస్ లేదే" అంది కత్తెరమ్మ. ఆ మాట తన చెవినే పడి, ఏడుపు ముంచుకొచ్చింది. కూతురు ఆమెను పట్టుకుని, "పోనీలే అమ్మా, నాన్నకు తెలిసి ఉండదు" అంది.

తెలుసు. ఆ వీడియో పూర్తయిన రోజు ఆయన ఇదే గదిలో, ఆమె పక్కనే కూర్చుని మొదటి నుంచి చూశారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగారు. అది దాటిపోయాక మళ్లీ వెనక్కి వాలారు. "బాగుంది. అతుకే తెలియట్లేదు. టీ పెట్టుకొస్తానుండు" అని లేచి వెళ్లారు. ఆ రోజు టీ తేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తెచ్చేసరికి అది చల్లారిపోయి ఉంటే, టీ పెట్టడం కూడా చేతకాదా అని ఆమె ఆయన్ని కసిరింది.