కారుకు తనే రంగు వేసుకున్న దమ్ము మాస్టారు

బ్యాండులో అందరూ ఆయన్ని దమ్ము మాస్టారు అనే పిలిచేవారు. క్లారినెట్ నోట పెట్టి ఒక స్వరం పట్టుకున్నాడంటే, వినేవాళ్ళు ఊపిరాడక గుటకలు మింగాలి తప్ప ఆయన మాత్రం వదిలేవాడు కాదు. యాభై దాటినా అంతే. సిగరెట్టు ముట్టలేదు, ఐసు నీళ్ళు తాగలేదు, చలిగాలికి మెడకు మఫ్లరు లేకుండా బయటికి రాలేదు. ఆ ఊపిరిని ఆయన చంటిపిల్లలా సాకాడు.

ఆయనకున్న ఇంకో ఆస్తి ఒక పాత కారు. ఎవరో డాక్టరు వాడి వాడి వదిలించుకున్నది. ఇంజను గట్టిదే గానీ పైకప్పు మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. తలుపుల అంచుల్ని తుప్పు కొరికేసింది. ఒకరోజు బ్యాండు మేనేజరు ఆయన్ని పక్కకి పిలిచాడు.

"మాస్టారూ, మీ వాయిద్యం విని మనల్ని పిలుస్తున్నారు, కాదనను. కానీ ఆ కారును పిలిచినవాళ్ళ గేటు ముందు పెట్టకండి. వీధి మలుపులో ఎక్కడైనా ఆపి నడిచి రండి."

నలుగురి ముందు అనకపోయినా ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. మర్నాడే రంగులు వేసే షెడ్డుకు వెళ్ళాడు. అక్కడివాడు కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "పుచ్చిన పంటికి పాలిష్ పెట్టమన్నట్టుంది. తుప్పు మళ్ళీ లేస్తే చెడ్డపేరు మాకు."

"అయితే నేనే వేసుకుంటాను" అన్నాడు మాస్టారు. అంతవరకూ ఆయన కిటికీ ఊచలకు కూడా రంగు వేసి ఎరగడు.

రంగుల కొట్టుకు వెళ్ళేటప్పుడు బావమరిది కూడా బయల్దేరాడు. అతను అదే బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. బావ వాయించి ఆపితే గానీ తన వంతు రాదన్న దిగులు అతనికి ఎప్పుడూ ఉండేది. పైకి మాత్రం నవ్వుతూ ఉండేవాడు.

కొట్టు నడిపే ఆవిడ ముందుగా, రంగు చిమ్మే తుపాకీకి గాలి అందించే చిన్న కంప్రెసర్ ఒకటి చూపించింది. ఇంట్లో వాడుకోవడానికి చాలామంది ఇదే పట్టుకెళతారంది. మాస్టారు దాని ట్యాంకును అరచేత్తో తట్టి చూశాడు.

"ఇది ఎంతసేపు ఊదుతుందమ్మా?"

"ఊదడమేంటండీ?"

"తుపాకీ పెదాల్లాంటిది, ట్యాంకు ఊపిరితిత్తుల్లాంటిది. చిన్న ఛాతీతో పెద్ద పాట ఎత్తుకుంటే సగంలో దగ్గొస్తుంది. దీంతో ఒక తలుపు పూర్తయ్యేలోపు గాలి సన్నబడి, రంగు తుంపర్లుగా పడదూ?"

పడుతుందని ఆవిడ ఒప్పుకుంది. మూలనున్న పెద్ద ట్యాంకుది తీయించింది. ఆ తర్వాత స్ప్రే తుపాకుల వంతు వచ్చింది. రంగు పోసే గిన్నె కిందుండేవి, పైనుండేవి వరసగా పెట్టింది. మాస్టారు ఒక్కోదాంట్లో నీళ్ళు పోయించి అట్టముక్క మీద కొట్టి చూశాడు. ఒకటి ఒక పక్కనే ఎక్కువ కక్కింది. ఇంకొకటి మధ్యలో గుమ్మరించి అంచుల్ని వదిలేసింది. గిన్నె పైనున్న ఒకటి మాత్రం విసనకర్ర విప్పినట్టు సమంగా పరుచుకుంది. దాన్ని తీసుకున్నాడు. గాలిలోని తేమను పట్టే చిన్న సీసా కూడా ఉండాలని ఆవిడ చెప్పకముందే అడిగాడు. వాయించిన తర్వాత క్లారినెట్ చివర నుంచి కారే చెమ్మ ఎక్కడినుంచి వస్తుందో ఆయనకు తెలీనిది కాదు. కొత్త పని అంటే భయపడ్డాడు గానీ, ఇదంతా తన విద్యలాగే ఉందే అని ఆయనకు లోలోపల పొంగు వచ్చింది. ఆ పొంగే కొంప ముంచింది.

చివరగా ఆవిడ రెండు పక్కలా డబ్బీలున్న రబ్బరు మాస్కు ఒకటి బల్ల మీద పెట్టింది. "రంగు కొట్టేటప్పుడు ఇది పెట్టుకోండి. ఆ పైన మెరుపు కోసం కొట్టే క్లియర్ ఉంది చూడండి, అందులో గట్టిపడే మందు కలుపుతారు. అది చెడ్డది. దానికి ఇది కూడా చాలదు, బయటి గాలి గొట్టంలోంచి వచ్చే మాస్కు కావాలి. అంత వద్దనుకుంటే క్లియర్ ఒక్కటీ షెడ్డువాళ్ళ చేత కొట్టించుకోండి."

మాస్టారు ఆ మాస్కు తగిలించుకుని చూశాడు. ముఖం పట్టేసినట్టయింది. బావమరిది పకపకా నవ్వాడు.

"బావా, అచ్చం పంది మూతిలా ఉంది. దమ్ము మాస్టారు మూతికి డబ్బాలు కట్టుకున్నాడంటే పరువేం కాను? మా ఇంటి పక్క షెడ్డులో రుమాలు చుట్టుకుని కొడతారు. గుండ్రాయిలా ఉన్నాడు ఒక్కొక్కడూ."

మాస్టారు మాస్కు తీసి బల్ల మీద పెట్టేశాడు. "ఊపిరి సంగతి నాకా చెప్పేది అమ్మా? ఇన్నేళ్ళూ దానిమీదే బతికాను."

"చెప్పడం వరకే నా వంతు" అని ఆవిడ మిగతా సామాను కట్టింది.

ఇంటికొచ్చాక భార్య సామానంతా చూసింది. ఆవిడ బ్యాండువాళ్ళ కోట్లు కుట్టేది. "అన్నీ తెచ్చారు సరే, ముక్కుకేం తెచ్చారు?" అని అడిగింది.

"నువ్వున్నావుగా, కుట్టు."

కోటు లోపల వేసే మెత్తటి గుడ్డను పొరలు పొరలుగా వేసి, చెవులకు నాడాలు పెట్టి కుట్టిందావిడ. "ఇది చాలుతుందా?" అంది అనుమానంగా. కొట్లో దానికంటే హాయిగా ఉందన్నాడాయన. ఆ మాటకి ఆవిడ మురిసిపోయింది కూడా.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు పక్కలా ప్లాస్టిక్ పట్టాలు కట్టాడు. తుప్పు గీకాడు, గుంటల్లో పుట్టీ నింపాడు, గరుకు కాగితంతో అరచేతులు మండేదాకా రుద్దాడు. ముదురు నీలం ఎంచుకున్నాడు. మొదటి తలుపు మీద రంగు చారలు చారలుగా కారింది. మళ్ళీ రుద్ది మళ్ళీ కొట్టాడు. తలుపు అంచుకు ఇవతలే తుపాకీ మీట నొక్కాలని, అవతలి అంచు దాటాకే వదలాలని, మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం జరపాలని పనే ఆయనకు నేర్పింది. క్లియర్ కొట్టేటప్పుడు ఫ్యాను పెడితే దుమ్ము లేచి అంటుకుంటోందని ఫ్యాను కట్టేశాడు. పట్టాలన్నీ దగ్గరగా బిగించాడు. ఒక ముక్క నచ్చక దాన్నే నాలుగుసార్లు కొట్టిన రోజులున్నాయి. సాయంత్రాలు దగ్గు వచ్చేది, కళ్ళు ఎర్రబడేవి.

"ఇక చాలించండి" అనేది భార్య.

"దుమ్ము దగ్గే ఇది. బానెట్ ఒక్కటే మిగిలింది."

కారు అద్దంలా తేలింది. ఒక కొత్త హాలు ప్రారంభానికి దాన్ని తీసుకుని గేటు ముందే ఆపాడు. మేనేజరు చుట్టూ తిరిగి చూసి, "ఇక నుంచి లోపలే పెట్టండి మాస్టారూ" అన్నాడు. అదే మధ్యాహ్నం, వేదిక మీద, తనకు పేరు తెచ్చిన ఆ పొడుగు స్వరం దగ్గర ఆయన ఛాతీని ఎవరో తాడేసి బిగించినట్టయింది. స్వరం కీచుమని తెగిపోయింది. వెంటనే బావమరిది ట్రంపెట్ అందుకున్నాడు. అది ముందే అనుకుని చేసిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ అన్నీ అడిగి, ఛాతీ విని చెప్పింది. "క్లియర్‌లో కలిపే ఆ మందు ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఇక జన్మకి పడదు. రంగు వాసన ఉన్న గదిలోకి కూడా వెళ్ళకండి."

"మరి క్లారినెట్టో?"

"ముందు మా ఆసుపత్రి మెట్లు ఆగకుండా ఎక్కండి. తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన ఎక్కలేకపోయాడు. ఆ నెలా కాదు, ఆ తర్వాతా కాదు. జేబులో పీల్చే మందు డబ్బీ పెట్టుకుని తిరగడం అలవాటైంది.

ఒకరోజు భార్య అంది, "నేను ఆ గుడ్డది కుట్టకపోతే మీరు మంచిది కొనుక్కునేవారు." నీ తప్పేముంది అని ఆయన అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అనలేదు. తప్పు మోయడానికి ఇంకో భుజం దొరికితే ఎవరికైనా కొంత తేలికే. ఆ రోజు నుంచి ఆవిడ ఆయన ఎదురుగా మిషను తొక్కడం మానేసి, వెనక గదిలోకి మార్చుకుంది.

కొన్నాళ్ళకు మేనేజరు ఒక కోటు పంపించాడు. ముందు నిలబడి వాయించేవాడు వేసుకునే జరీ అంచు కోటు, మాస్టారిదే. బావమరిదికి సరిపడేలా భుజాలు తగ్గించమని కబురు. ఆవిడ తమ్ముడి కొలతలకు భర్త కోటు విప్పి కుట్టింది. మాస్టారు పక్క గదిలో పేపరు చదువుతూ కూర్చున్నాడు. ఒక పేజీ కూడా తిప్పలేదు.

మేనేజరు మంచివాడే. "కారు ముచ్చటగా ఉంది మాస్టారూ. మనవాళ్ళని తీసుకెళ్ళి తీసుకొస్తూ ఉండండి" అన్నాడు. వేరే దారి లేక ఆయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు కార్యక్రమాలు జరిగినంతసేపూ స్టీరింగు ముందు కూర్చుంటాడు. ఏ హోటలు గేటు దగ్గరయినా ఎవడో ఒకడు కారు చుట్టూ తిరిగి, ఏ షెడ్డులో వేయించారని అడుగుతాడు. ఇంట్లోనే అంటే నమ్మడు.

మొన్న వాయించడం అయిపోయాక డ్రమ్ము ఎక్కిస్తుంటే దాని ఇనుప అంచు తలుపు మీద చెయ్యి పొడుగున గీసుకుపోయింది. జరీ కోటులో చెమటలు కక్కుతున్న బావమరిది వంగి చూసి నాలుక కరుచుకున్నాడు.

"పోనీలే బావా, మళ్ళీ కొట్టుకుందువు గానీ. సామానంతా షెడ్డులోనే ఉందిగా."

మాస్టారు అతని ముఖంలోకి చూశాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే మర్చిపోయాడు. ఆయన వెనక తలుపు పడిందో లేదో చూసుకుని కారు కదిలించాడు.