రొట్టె ముట్టని పెద్దమ్మ

మా పక్క ఖోలీ గదిలో ఉండే పెద్దమ్మ మొన్న ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె గొంతు కిందనున్న ఫోరస్ రోడ్ దాకా వినిపించేది. ఇప్పుడు మా గదుల ముందున్న గ్యాలరీ ఇంత నిశ్శబ్దంగా ఉండటం నాకేం నచ్చడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. వరస గదుల ఈ చాల్ ఒకటే, వెళ్లే చర్చి సంఘం ఒకటే. పాట ఎత్తుకుంటే శ్రుతి దారి శ్రుతిది, పెద్దమ్మ దారి పెద్దమ్మది. ఇళ్లలో కూడికలప్పుడు ఎవరైనా ప్రార్థన సాగదీస్తే, "అన్నం మాడుతది, ఆమెన్ అనుర్రి" అని గొణిగేది. అంత చనువుగా దేవుడితో మెలిగే మనిషి, నెలకోసారి చర్చిలో రొట్టె పంచే ప్రభువు బల్ల నాడు మాత్రం రొట్టె పళ్లెం రాగానే ముట్టకుండా పక్కవాళ్లకు అందించేది. ఎవరి మీదైనా పగ ఉంటే ముందు సమాధానపడి, ఆ తర్వాతే రొట్టె తీసుకోవాలని మా సంఘంలో చెప్తారు. మాలో చాలామందిమి ఆ మాటా వింటాం, రొట్టే తింటాం. పెద్దమ్మకు అది చేతకాలేదు.

కారణం చాల్ మొత్తానికి తెలుసు. ఆమె ఒక్కగానొక్క కొడుకును నడుముకు తాడు కట్టకుండా పరంజా ఎక్కించిన మేస్త్రి మా గ్యాలరీ చివరి ఖోలీలోనే ఉంటాడు. పిల్లవాడు పడి చనిపోయాడు. క్షమించమని పాస్టరుగారు నచ్చజెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను.

"నోటితోని అయితే ఇప్పుడే అంట అయ్యగారూ. కడుపుల లేనిది దేవుని ముంగట ఎట్ల అబద్ధమాడాలె?" అంది.

ఆ మధ్య మేస్త్రికి పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఒక పొద్దున నల్లా దగ్గర నీళ్లు నిండిన బాల్దీ ఎత్తలేక నిలబడిపోయాడు. పెద్దమ్మ చాలాసేపు చూసింది. తర్వాత ఆ బాల్దీ మోసుకెళ్లి ఆయన గడపలో పెట్టి, అందరికీ వినబడేలాగే చెప్పింది.

"నా కొడుకు మళ్ల రాడు. నిన్ను మాఫ్ జేసిన. రేపు కోపమొస్తే, రేపు మళ్ల మాఫ్ జేస్త."

ఆ నెల రొట్టె తీసుకుంది. కోపం నిజంగానే మళ్లీ వచ్చేది. కొన్నిసార్లు ఆయన్ని చూడగానే లోపలికి పోయి తలుపు వేసుకుని, ప్రార్థన చేసుకుని, వచ్చి బాల్దీ ఎత్తేది. అది చూసి నేర్చుకున్నంత నేను ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. ఆమె కూతురికి మాత్రం ఇది మింగుడు పడలేదు. తమ్ముణ్ణి మరిచిపోయావా అని తల్లిని నిలదీసి, తానుండే నాగ్‌పాడా నుంచి ఇటు రావడమే తగ్గించింది.

పెద్దమ్మ సమాధి దగ్గర ఒక్కొక్కరం పిడికెడు మన్ను వేశాం. మేస్త్రి దూరంగా గోడ పక్కనే ఆగిపోయాడు. కూతురు ఆయన వైపు నడవడం చూసి, వెళ్లగొడుతుందేమోనని నాకు భయం వేసింది. ఆమె ఆయన భుజం పట్టుకుని తీసుకొచ్చింది. పడిపోయిన ఆ కుడి అరచేతిలో మన్ను పోసి, కింద తన చేయి ఆనించింది. ఇద్దరూ కలిసి వేశారు.