అక్కడ పండగ, ఇక్కడ ఉపవాసం

మనవరాలా, రేష్మా, నిన్న నువ్వు పెట్టిన పోస్టు చూశాను. ఫొటో బాగుంది. రోజే తప్పు. మా నానీ... అంటే మా అమ్మ వాళ్ళమ్మ... "మక్కాలో, మన బక్రీద్ నాడు పోయారు" అని రాశావు. ఆ రోజు అక్కడ బక్రీద్. ఇక్కడ కాదు. టీచరుగా రిటైరయినా నా ఎర్ర సిరా ఇంకా ఎండలేదు, దిద్దుతున్నాను.

మా చిన్నప్పుడు నర్సాపురంలో మా వీధికి నెలవంకని చూపించేది నానీయే... పొద్దుగూకే వేళకి గోదావరి గట్టెక్కి, ఏటికి వీపు పెట్టి, కొబ్బరి చెట్ల మీదుగా పడమర చూసేది. వీధంతా ఆవిడ వేలు ఎటు లేస్తుందా అని చూసేది. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం నేను కావాలి. "దగ్గరవి చూడ్డానికి నువ్వున్నావు కదే, దూరానివి నేను చూసుకుంటా" అనేది.

ఆ ఏడు తన తమ్ముడితో... మా చిన్న తాతయ్యతో... హజ్‌కి బయల్దేరింది. బొంబాయి దాకా రైలు, అక్కణ్ణించి ఓడ. వెళ్ళేముందు అందరి దగ్గరా మన్నింపు అడగాలి కదా, ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటి సుబ్బాయమ్మగారు "నన్నేమన్నారు కనకండీ, మన్నించడానికి?" అంటే, "గుర్తు చెయ్యమంటారా? మళ్ళీ మొదలవుద్ది" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వి, ఆనక ఏడ్చారు. దారిలో తినమని సుబ్బాయమ్మగారు డబ్బా నిండా పూతరేకులు ఇచ్చారు.

నాతో మాత్రం ఒకటే మాట... "ఈసారి గట్టు మీద నా చోట నువ్వు నిలబడు. నెలవంక కనబడగానే నాకు సలాం చెప్పు. నేనూ అక్కణ్ణించి చెప్తా."

నిలబడ్డాను. మబ్బు... ఎంతసేపు చూసినా మబ్బే. మర్నాటి సాయంత్రం గానీ కనబడలేదు. అక్కడ ముందురోజే కనబడిందట. నెలవంక కనబడిన పదో రోజు బక్రీద్ కదా, అలా వాళ్ళ పండగ మాకంటే ఒకరోజు ముందుకెళ్ళింది.

మా పండగ ముందురోజు అమ్మ ఆనవాయితీగా ఉపవాసం ఉండి, మర్నాటి వంటకి మసాలా నూరుకుంది. పండగ నాడు కొత్త చీర కట్టి, వీధంతా సేమ్యా పాయసం పంచి, "మా అమ్మ హజ్ పూర్తయిందండీ" అని నవ్వుతూనే ఉంది... ఆ నవ్వు మళ్ళీ నేను చూడలేదు.

తిరిగొచ్చే రోజు వీధి వీధంతా స్టేషన్లోనే. సుబ్బాయమ్మగారు మల్లెదండ గుచ్చి తెచ్చారు. రైలాగింది... చిన్న తాతయ్య ఒక్కడే దిగాడు. చేతిలో నానీ బట్టల మూట.

"టెలిగ్రాం ఇవ్వడానికి నాకు చేతులు రాలేదమ్మా" అన్నాడు.

అమ్మ ఏడవలేదు. "ఏ రోజు మామయ్యా?"

"పండగ రోజు తల్లీ, పొద్దున్నే."

"ఎవరి పండగ? వాళ్ళదా, మనదా?"

"వాళ్ళదే."

"అయితే ఆ రోజు నా నోట్లో మెతుకు లేదు. ఉపవాసం ఉన్నాను..." అంది అమ్మ, కాస్త ఊరట దొరికినట్టు. అంతలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మర్నాడు... మర్నాడు కొత్త చీర కట్టాను కదా మామయ్యా..."

అక్కడే కూలబడిపోయింది. సుబ్బాయమ్మగారు ఆ దండ ఎవరికి వెయ్యాలో తెలీక, అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

ఆ తర్వాత అమ్మ ఏ బక్రీద్‌కీ కొత్త చీర కట్టలేదు. ముందురోజు ఉపవాసం మాత్రం ఓపికున్నన్నాళ్ళూ మానలేదు. నానీని అక్కడే మట్టిచేశారు. వెళ్ళి కూర్చుని ఏడవడానికి మాకో సమాధి లేదు... ఉన్నదల్లా ఆ రోజే. దాన్ని నువ్వు పోస్టులో ఇటు జరిపేశావు.

ఇప్పుడు పండగ ఎప్పుడో ఫోనే చెప్పేస్తోంది. మక్కాలో మనిషికి తుమ్మొస్తే ఇక్కడ తెలిసిపోతోంది. మంచిదే, మా అమ్మ పడ్డ బాధ ఇంకెవరికీ వద్దు... గట్టు మీద మాత్రం ఎవరూ కనబడటం లేదు. ఇది చదివేవాళ్ళంతా, మీ ఇళ్ళల్లో నెలవంక ముందుగా ఎవరి కంట పడేదో రాయండి, చదువుకుంటాను.

రేష్మా, ముందు ఆ పోస్టు దిద్దు. రేపు బక్రీద్ నెలవంక చూడాలి. అద్దాలు మార్చమని బజార్లో కళ్ళజోడు ఇచ్చాను, పొద్దుగూకక ముందే తెచ్చిపెట్టు. నన్ను నీ బండి మీద గట్టుకి తీసుకెళ్ళు. జోడున్నా దూరానివి చూడ్డానికి నాకిప్పుడు నువ్వు కావాలి. బండిలో పెట్రోలు ఉందో లేదో ఇవాళే చూసుకో.