ఏడవని దర్జీ

సందు చివర బట్టలు కుట్టే ఆవిడను అందరూ మూగదర్జీ అంటారు. మూగదేం కాదు, మాట్లాడదంతే. ఒకసారి మిషను సూది గోట్లో దిగబడితే కిక్కురుమనకుండా చక్రం వెనక్కి తిప్పి, సూది పైకి తీసి, వేలికి గుడ్డపేలిక చుట్టుకుని మిగతా కుట్టు పూర్తిచేసింది. చూసినవాళ్లు ఎంత ఓర్పో అని మెచ్చుకున్నారు. ఓర్పూ లేదు, పాడూ లేదు. అది భయం.

ఆమెకు ఐదేళ్లప్పుడు తల్లి ఇల్లు విడిచి పోయింది. పెంచిన పెద్దమ్మ రోజూ ఒకటే పాట. "రాత్రంతా గుక్కపట్టి ఏడ్చి మీ అమ్మను తరిమేశావు. ఇక్కడా నోరు తెరిచావో, నేనూ పోతా!" పసిపిల్లను ఊరుకోబెట్టడానికి ఆ మహాతల్లికి అంతకంటే మంచి దారి దొరకలేదు మరి. పిల్ల నోరు కుట్టేసుకుంది. పెద్దదై, సొంత కొట్టు పెట్టుకున్నాక కూడా ఆ కుట్టు విప్పలేదు. పెద్దమ్మ చచ్చిపోయిన రోజున కన్ను తడవకపోతే, బంధువులు రాతిగుండె అని చెవులు కొరుక్కున్నారు.

మొన్న మధ్యాహ్నం ఒక ముసలావిడ సంచీతో కొట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"నేనేనే, మీ అమ్మని. ఒంట్లో ఓపిక పోయింది. ఇక నీ దగ్గరే ఉంటా. ఎంతైనా కన్నదాన్ని కదా."

సిగ్గూ శరమూ ఉంటేగా! దర్జీ కత్తెర పక్కన పెట్టింది. ఇన్నేళ్లూ ఆమెను తొలిచేసిన ప్రశ్న ఒక్కటే. చివరికి అడిగింది.

"నేను అంతగా ఏడ్చేదాన్నా?"

"నువ్వా?" ముసలావిడ వింతగా చూసింది. "నువ్వెప్పుడు ఏడ్చావే? ఒట్టి మెతక పిల్లవి. నేను గడప దాటుతుంటే హాయిగా నిద్రపోతున్నావు. నాకే ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు, పోయాను. మధ్యలో నువ్వేం చేశావు?"

దర్జీ లేచి నిలబడింది. తర్వాత వచ్చిన అరుపుకి సందులో వాళ్లంతా బయటికొచ్చారు.

"నావల్లే పోయావనుకుని చచ్చాను కదే! నీకు ఉండబుద్ధి కాలేదా? నాకు నిన్ను ఉంచుకోబుద్ధి కావట్లేదు. లే! పో ఇక్కణ్ణించి!"

"ఇంత గయ్యాళివని తెలిస్తే వచ్చేదాన్నే కాదు," అని ముసలావిడ సంచీ ఎత్తుకుని సణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఈసారి తల్లి పోయింది నిజంగా ఈమె నోటికి జడిసే. అయినా కొంపేం మునగలేదు. దర్జీ గుమ్మంలో చతికిలబడి బావురుమంది. పక్క కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఊరుకో అమ్మా, ఊరుకో."

"ఊరుకోను," అంది.