ఆరో ఎపిసోడ్‌లో ఒక మాట

అక్క పోయిన పదిహేనో రోజున ఆఫీసుకి వెళ్ళాను. లిఫ్టులో పక్క టీం అమ్మాయి నవ్వుతూ పలకరించింది.

"చాలా రోజులు లీవు పెట్టినట్టున్నారు. ఏదైనా ట్రిప్పా?"

"లేదండీ, ఇంట్లో పని" అన్నాను.

ఆమెకి తెలియదు. తెలియదని కోపం రాలేదు, బాధా కలగలేదు. సీటులో కూర్చుని సిస్టం ఆన్ చేస్తే పాస్‌వర్డ్ గడువు దాటిపోయిందని వచ్చింది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి, వాళ్ళు వాయించే సంగీతం వింటూ ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాను. ఆ ఇరవై నిమిషాలు నాకు హాయిగానే ఉన్నాయి.

నా పని చాలామందికి వింతగా ఉంటుంది. హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో ఏడో అంతస్తు మాది. జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, పిల్లలు యానిమే అంటారే, వాటికి తెలుగు సబ్‌టైటిళ్ళు రాస్తాను. జపనీస్ నాకు రాదు. వీడియోతో పాటు ఇంగ్లీషు స్క్రిప్టు వస్తుంది. దాన్ని చూసి రాయాలి. ఒక మాట తెరమీద రెండు మూడు సెకన్లే ఉంటుంది కాబట్టి పొడుగ్గా రాయకూడదు. అందులో ప్రతి ఎపిసోడ్‌కీ ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి బతుకు గురించి ఏదో చెబుతారు. కోచ్ ఆటగాడికి చెబుతాడు, వంటామె కూతురికి చెబుతుంది, ఒక్కోసారి పిల్లి కూడా చెబుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ మాటలన్నీ నేనే తెలుగులో రాస్తున్నాను. భయపడుతూనే నడువు. ఓడినవాడితో కలిసి తిను. ఇలాంటివి. రాసేటప్పుడు బాగుందో లేదో చూస్తాను, అక్షరాలు సరిపోయాయో లేదో చూస్తాను. నాకు పనికొస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్దది. జ్వరమని దవాఖానలో చేరింది. ఐదో రోజు మధ్యాహ్నం పోయింది. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటికి దాని కూతురికి పద్నాలుగు నిండలేదు.

బావగారు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పని చేస్తారు. వారానికో షిఫ్టు. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచారు.

"అమ్మా, పిల్లని కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకుంటావా? నాకు రాత్రి డ్యూటీ పడితే ఇంట్లో ఒక్కతే అవుతుంది."

"ఉంచుకుంటాను బావగారూ. మరి స్కూలు?"

"మీ కొండాపూర్‌లోనే ఎక్కడైనా చేర్పిద్దాం. నాకు సెలవు దొరికినప్పుడల్లా వచ్చి చూసి పోతాను."

ఆయన నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. ఇద్దరం ఎదురింటి బాల్కనీలో ఆరేసిన దుప్పటిని చూస్తూ మాట్లాడుకున్నాం.

పిల్ల రెండు బ్యాగులతో వచ్చింది. ఒక దాంట్లో బట్టలు, ఒక దాంట్లో మాంగా పుస్తకాలు. కుడి నుంచి ఎడమకి చదివే ఆ బొమ్మల పుస్తకాలంటే దానికి ప్రాణం. ఈ పిచ్చి దానికి అంటించింది నేనే అని అక్క నన్ను తిట్టేది. "నీకంటే అది ఉద్యోగం. దీనికేంటి? పరీక్షల్లో బొమ్మలు గీసి వస్తుందా?" అనేది. అలా తిడుతూనే పుస్తకాల ప్రదర్శన జరిగితే వెంట తీసుకెళ్ళి కొనిపెట్టేది.

ఆ పుస్తకాల మధ్య ఒక నోటుబుక్ ఉంది. సర్దుతుంటే జారిపడింది. ప్రతి పేజీలోనూ ఒక్కో సీరియల్లోంచి ఒక్కో మంచి మాట, కింద చిన్న బొమ్మ. వాటిలో కొన్ని నేను రాసినవే. చివరి మాట కింద ఉన్న తేదీ అక్క ఆసుపత్రిలో చేరడానికి రెండు రోజుల ముందుది. తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"ఇది ఎక్కడ పెట్టను?" అని అడిగాను.

"ఎక్కడైనా పెట్టు పిన్నీ. అమ్మకి బాలేనప్పుడు అందులోది ఒక్క మాట కూడా గుర్తురాలేదు నాకు" అంది. బాధగా అనలేదు. లెక్క తప్పిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

అలా మా ఇద్దరి కాపురం మొదలైంది. పొద్దున దాన్ని స్కూలు బస్సు ఎక్కించి, నేను ఆటోలో ఆఫీసుకి. సాయంత్రం వచ్చేసరికి అది తలుపు తీసేది. ఇద్దరం అన్నం తినేవాళ్ళం. కూరలో ఉప్పు మర్చిపోతే అదీ చెప్పేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఒకసారి మూడు రోజులు వరసగా బెండకాయే వండానని నాలుగో రోజు మళ్ళీ బెండకాయలు కోస్తుండగా తెలిసింది.

అది ఏడవలేదు. కర్మలప్పుడు మా పెద్దమ్మ నలుగురిలో అంది: "కన్నతల్లి పోతే కంట తడి లేదు పిల్లకి. ఏం గుండో!" ఆ సమయానికి పిల్ల వచ్చినవాళ్ళకి మంచినీళ్ళ గ్లాసులు అందిస్తోంది. విన్నది. గ్లాసులు అందిస్తూనే ఉంది. నేనూ ఏడవలేదు. కానీ నేను వంటవాళ్ళతోనూ పంతులుగారితోనూ తిరుగుతున్నాను కాబట్టి నా కళ్ళు ఎవరూ చూడలేదు.

ఆ రోజుల్లో నా చేతికి వచ్చిన సీరియల్ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో జరుగుతుంది. ఒక ముసలాయన సముద్రపు నీళ్ళు పెద్ద పెనంలో మరిగించి ఉప్పు తీస్తుంటాడు. తల్లి పోయిన ఒక పిల్ల ఆయన దగ్గరికి పనికి చేరుతుంది. కథ వినగానే మా టీం లీడ్ నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, మంచివాడు.

"ఇది వేరేవాళ్ళకి ఇమ్మంటారా అండీ?" అన్నాడు.

"ఎందుకు? ఫర్వాలేదు" అన్నాను. నిజంగానే ఫర్వాలేదు. నాకేమీ అనిపించడం లేదు కదా.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఒకావిడ ఉండేది. నారాయణపేట వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. పదకొండింటికి డెస్కులు తుడవడానికి వచ్చి నా స్క్రీన్ దగ్గర కాసేపు ఆగేది.

"ఇయ్యాల ముసలాయన ఏం జేస్తుండు మేడం?"

ఆరోజు ఆరో ఎపిసోడ్ నడుస్తోంది. ఆ పిల్ల, పోయిన తల్లి వాడిన చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ముసలాయన పెనం దగ్గర నుంచే, వెనక్కి తిరగకుండా ఒక మాట అంటాడు. ఇంగ్లీషులో 'డోంట్ క్రై' అని ఉంది. నేను 'ఏడవకు' అని రాశాను. ఆవిడకి చదవడం రాదు. ఏమన్నాడని అడిగితే చెప్పాను.

ఆవిడ గుడ్డ చేతిలో పట్టుకుని మళ్ళీ ఒకసారి బొమ్మ చూసింది.

"గా పిల్ల ఏడుస్తలేదు గద మేడం. మరి ఏడ్వకు అంటడేంది?"

"వాళ్ళు రాసింది అదేనమ్మా" అన్నాను.

"ఏమో మరి" అని పక్క డెస్కుకి వెళ్ళిపోయింది. ఆవిడ అన్నది నిజమని అప్పుడే తెలుసు నాకు. కానీ ఆగి ఆలోచించే ఓపిక లేదు. ఫైలు పంపేశాను.

రెండు నెలల తర్వాత ఆ సీరియల్ వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల హాల్లో చూస్తోంది. నేను పక్కన బట్టలు మడతపెడుతున్నాను. ఆ ఘట్టం వచ్చింది. అది ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మూడోసారి కూడా విన్నది.

"పిన్నీ, ఇది నువ్వు రాసిందేనా?"

"అవును. ఏం?"

"తప్పు రాశావు."

ఆ పిల్ల జపనీస్ ఎక్కడా నేర్చుకోలేదు. ఐదారేళ్ళుగా వింటూ వింటూ దానికి చాలా మాటలు పట్టుబడ్డాయి.

"ఏడవకు అనాలంటే వేరేలా అంటారు. ఈయన 'నకనకుతే మో ఈ' అంటున్నాడు. అంటే, ఏడవకపోయినా ఏం కాదు అని. ఆ అమ్మాయికి ఏడుపు రావట్లేదు పిన్నీ. అందుకే ఊళ్ళో అందరూ దాన్ని ఏదో ఒకటి అంటున్నారు కదా, ఐదో ఎపిసోడ్‌లో. ఈయన ఒక్కడే రాకపోయినా ఫర్వాలేదంటున్నాడు. నువ్వు మొత్తం రివర్స్ చేసేశావు."

చేతిలో దాని స్కూలు చొక్కా ఉంది. మడత పెట్టడం అయిపోయినా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"నీకు రావట్లేదా?" అని అడిగాను.

"లేదు. రావాలని ట్రై చేశాను కూడా. అమ్మ ఫొటోలు చూశాను. రాలేదు." తెర వైపే చూస్తూ అంది. "నీకు?"

"నాకూ రాలేదు."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

అది నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. నన్ను కావలించుకోలేదు. నేనూ దగ్గరికి తీసుకోలేదు. "ఓకే" అని, రిమోట్ తీసుకుని మిగతా ఎపిసోడ్ పెట్టింది.

మర్నాడు లీడ్ దగ్గరికి వెళ్ళి మార్చాలన్నాను.

"సోర్స్‌లో అలాగే ఉంది కదండీ. తప్పని మీకెవరు చెప్పారు?"

"మా అక్క కూతురు."

"తను జపనీస్ చదువుతోందా?"

"తొమ్మిదో తరగతి చదువుతోంది."

అతను తన సిస్టంలో ఆ ఫైలు తెరిచాడు. నా మీద జాలిపడ్డాడేమో, నాకు తెలియదు. "సరే, అడిగి చూస్తాను" అన్నాడు. పది రోజుల పైన పట్టింది. జపాన్ వైపు నుంచి జవాబు వచ్చింది. పిల్ల చెప్పిందే నిజం. ఇంగ్లీషు చేసినవాళ్ళు మాటల్ని కుదించబోయి అర్థం పోగొట్టారు. ఆ ఇంగ్లీషు నుంచి రాసిన భాషలన్నిటిలోనూ ఆ మాట దిద్దమన్నారు.

ఇంటికి వెళ్ళి చెబితే "అవునా" అంది అంతే. తర్వాత పెన్సిలు తెచ్చుకుని వంటగట్టు మీద కూర్చుంది. ఇద్దరం ఆ ముసలాయన మాటని తెలుగులో ఎలా అనాలో చూసుకున్నాం. 'ఏడుపు రాకపోతే రానీ' అన్నాను నేను. అది విసుక్కున్నట్టుంది అంది. 'ఏడవకపోయినా పర్లేదు' అంటే పర్మిషన్ ఇస్తున్నట్టుందట. చివరికి దానికి నచ్చింది: 'ఏడవాలనేం లేదు.' అదే పంపాను. హౌస్‌కీపింగ్ ఆవిడకి చెబుదామనుకున్నాను గానీ అప్పటికి ఆవిడని నానక్‌రామ్‌గూడలో వేరే బిల్డింగుకి మార్చారు.

దాంతో నాకు ఏడుపు వచ్చిందని అనుకుంటారేమో. రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు. పిల్లకి ఎప్పుడైనా వచ్చిందేమో అడగలేదు. మా ఇంట్లో మారింది ఒకటే. అది మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు లేకపోతే లేదని చెబుతోంది. శనివారాలు జపనీస్ క్లాసుకి వెళ్తానంది, చేర్పించాను.

ఆ తర్వాత ఒక సెలవురోజు బావగారు వచ్చారు. అది ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి ఆ ఉప్పు సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టింది. ఆయన ఇలాంటివి ఎప్పుడూ చూసినవారు కాదు. నేను వంటింట్లో ఉన్నాను.

"ఆ మంట అంత పెట్టకూడదమ్మా. అడుగంటిపోతుంది" అన్నారు కాసేపటికి.

"ఆయనకి తెలీదా నాన్నా? నలభై ఏళ్ళ నుంచి చేస్తున్నాడు."

"తెలిసినా సరే. నెమ్మదిగా మరిగితేనే గింజ పెద్దగా కడుతుంది. మా ప్లాంటులోనూ అంతే. తొందరపడితే అంతా పొడి పొడి అయిపోతుంది."

"నువ్వు కూడా ఉప్పు చేస్తావా?"

"ఉప్పు కాదులే. కానీ పద్ధతి అదే." అని మందు మరిగించే రియాక్టరు ఎలా ఉంటుందో, చల్లార్చడం ఎలాగో చేతులతో చూపిస్తూ చెప్పసాగారు. అది బొమ్మ ఆపి వినడం మొదలుపెట్టింది. నాకు తెలిసి వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

నేను వంటింట్లో నిలబడి విన్నాను. సంతోషంగా ఉందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ముగ్గురికీ సరిపడా బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను.