వంక పెడితే గుడ్డకే

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొత్త బట్ట అంటే ఎక్కడో ఒకచోట చెడిపోయిన బట్ట అని అర్థం. కొంటా ఊళ్లో మా తాతయ్యది బట్టల దుకాణం. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. తానులూ చీరలూ మనిషెత్తున పేర్చి ఉండేవి గాని, వాటిలోంచి మంచి గుడ్డ ఒక్కటి కూడా నడిమి గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. లారీలో వస్తూ వానకు తడిసి మచ్చపడిందో, ఎలుక కొరికిందో, నేతలో పోగు తెగిందో అయితేనే దానికి 'డ్యామేజీ' అని పేరుపెట్టి ఇంట్లోకి పంపేవారు. అమ్మ చెడిన మేర కత్తిరించేసి, మిగిలినదానితో నాకు లంగా కుట్టేది. బడిలో పిల్లలేమో బట్టల సేటు మనవరాలినని నన్ను చూసి కుళ్లుకునేవారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుండేది మా వైభవం.

ఒక ఏడు ఎండలు ముదరకముందు రాజమండ్రి సరుకుతోపాటు ఒక పట్టుచీర వచ్చింది. చిలకాకుపచ్చ ఒళ్లు, కుంకుమరంగు అంచు, అంచు మీద సన్నని జరీ. అంత ఖరీదు చీర మా దుకాణంలో అరుదు. కాంట్రాక్టర్ల ఇళ్లవాళ్లెవరైనా అడుగుతారేమోనని మా తాతయ్య ధైర్యం చేసి తెప్పించాడు. సాయంత్రాలు చీరలు మడతపెట్టే పని నాది. ఆ ఒక్క చీరను మాత్రం మడత బాగానే ఉన్నా విప్పి మళ్లీ పెట్టేదాన్ని. దానితో లంగా కుట్టించుకుంటే అంచు నా కాళ్ల దగ్గర ఎలా ఆడుతుందో ఊహించుకుంటూ కూర్చునేదాన్ని.

అడిగితే ఇవ్వరని తెలుసు. అందుకని దేవుణ్ణి వేడుకున్నాను. డబ్బు ఇమ్మని కాదు, ఒక ఎలుకను పంపమని. అంచు జోలికి పోకుండా చెంగు దగ్గర చిన్న కొరుకు కొరికితే చాలు, చీర నాదైపోతుంది. పట్టుచీరల మధ్య తాతయ్య కలరా ఉండలు పెట్టేవాడు. వాటి మీద నాకున్నంత కోపం ఆ రోజుల్లో మరి దేని మీదా లేదు. ఎలుక రాలేదు. ఉన్న ఎలుకలన్నీ పక్కనున్న కిరాణా కొట్టులో సుఖంగా ఉండేవి.

బీడీలకు కోసిన తునికాకు డబ్బులు జనం చేతికొచ్చిన వారం సంత బాగా నిండింది. ఆ మధ్యాహ్నం శబరి నది ఒడ్డున ఉన్న ఊరి నుంచి దొర్ల తెగకు చెందిన ఒక పెద్దమనిషి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన ఏటా మా తాతయ్య దగ్గరే కొనేవాడు. కూతురికి పెళ్లి కుదిరిందట. వాళ్ల ఊరి ఆడవాళ్లు కొందరు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ పిల్ల కళ్లు వరసగా అరలన్నీ చూసుకుంటూ వచ్చి, నా చీర దగ్గర ఆగిపోయాయి.

తండ్రి అది గమనించి, దించమన్నాడు. తాతయ్య చీరను ఆ పిల్ల ఒళ్లో పరిచాడు. అరచేతి గరుకు తగులుతుందని కాబోలు, ఆమె చేతి వెనకవైపుతో అంచును ఒకసారి తడిమింది. తండ్రి ధర అడిగాడు. తాతయ్య చెప్పాడు. ఆయన తలాడించి, నడుము దగ్గర డబ్బు కట్టుకున్న ముడి మీద చెయ్యి వేశాడు. ముడి విప్పలేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. కూతురు చీరనే చూస్తోంది. గుమ్మంలోని ఆడవాళ్లు మాత్రం ఆయననే చూస్తున్నారు.

తాతయ్య ఉన్నట్టుండి చీరను ఆ పిల్ల ఒళ్లోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఇదేంది, ఇట్లయింది? తమ్మీ, ఈ చీర నీకు అమ్మను. అంచుకాడ నేత వదులైంది. నాలుగు ఉతుకులకు జరీ ఊడొస్తది. పెళ్లిబిడ్డకు డ్యామేజీ చీర అంటగట్టిండని రేపు మీ ఊళ్లో నాకు మాటొస్తది."

ఆయన చెయ్యి ముడి మీది నుంచి నెమ్మదిగా కిందికి దిగింది. తాతయ్య పై అరలోంచి పసుపురంగు నేతచీర ఒకటి తీశాడు. ఎర్రంచు, గట్టి నేత. ఆ పిల్ల భుజం మీద వేసి చూపించగానే గుమ్మంలోని ఆడవాళ్లు బాగుందన్నారు. ఆ పిల్ల ఆకుపచ్చ చీరవైపు ఒక్కసారి చూసి, పసుపు చీరను దగ్గరికి తీసుకుంది. తండ్రి ఇప్పుడు ముడి విప్పి డబ్బిచ్చాడు. వెళ్లబోతూ ఆగాడు.

"నీ దుకాణంల డ్యామేజీ సరుకు నేనెన్నడు జూడలే సేటూ."

"ఒక్కోపారి వస్తది తమ్మీ," అన్నాడు తాతయ్య. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆయన తన సంచిలోంచి ఆకులో కట్టిన సారపప్పు పొట్లం తీసి, తాతయ్య పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఇవేవీ పట్టలేదు. నా చెవిన పడిందల్లా ఒక్కటే మాట, డ్యామేజీ. దేవుడు ఎలుకకు బదులు వదులు నేతను పంపాడనుకున్నాను. చీరను గుండెకు హత్తుకుని లోపలికి పరుగెత్తి, కత్తెర తెమ్మని అమ్మ ప్రాణం తీశాను. అమ్మ పెరట్లోకి తీసుకెళ్లి, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎండలో పరిశీలించింది. వదులు నేత కాదు కదా, మచ్చ కూడా లేదు. డ్యామేజీ అని ఎవరన్నారని అడిగింది. తాతయ్యే అన్నాడని, ఎవరితో అన్నాడో చెప్పాను. అమ్మ చీర మడతపెట్టి నా చేతికిచ్చి, పోయి తాతయ్యనే అడగమంది.

సందడి తగ్గాక తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వంక లేదని, తానే పెట్టానని ఒప్పుకున్నాడు. అబద్ధమాడితే నోట్లో కారం పెడతానని నన్ను బెదిరించే మనిషి.

"బిడ్డ ముందట, ఊరోళ్ల ముందట 'నా కాడ అంత లేదు' అని ఆ మనిషితోని అనిపియ్యాల్నా?" అన్నాడు. "మీకిది సరిపోదు, మీకు అది చాలు అనే యాపారులున్నరు. అట్లంటే మనిషికి వంక పెట్టినట్టే గదా. పెట్టేదేందో గుడ్డకే పెట్టాలె. గుడ్డకు సిగ్గుండదు."

మరి నా సంగతి ఏమిటని అడిగాను. నాకూ అదే వంక చెప్పి ఉంటే ఆయన పని తేలికయ్యేది. జరీ ఊడుతుందంటే నేను నమ్మేదాన్నేమో కూడా.

"నువ్వు నా ఇంటి పిల్లవు, నీకు అబద్ధం చెప్ప. చీర మంచిది. నీకు మస్తుగుంటది. మన కాడ అంత లేదు," అన్నాడు.

ఏడ్చాను. వచ్చే ఏడు కొంటాననలేదు, మిఠాయి ఆశ చూపలేదు. చీరను నా ఒళ్లోనే ఉండనిచ్చి, తన పని తాను చేసుకున్నాడు. వానలు మొదలయ్యాక ఒక కాంట్రాక్టరు భార్య వచ్చి దాన్ని కొనుక్కుంది. కాగితంలో చుట్టి ఇచ్చింది నేనే. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ నన్ను ఊరడించడానికి, ఆకుపచ్చ త్వరగా వెలిసిపోతుందిలే అంది. వెలిసిపోదని చెప్పాను. అందని ద్రాక్ష పుల్లన అనుకుంటే ఊరట దొరికేదేమో గాని, ద్రాక్ష తియ్యగా ఉంటుందని నాకు తెలిసిపోయింది.

ఇప్పుడు నేను బచేలీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అక్కడి ఇనుప గనుల్లో కాంట్రాక్టు కింద చిన్న ఉద్యోగం వాడిది. మొన్న మా మనవరాలికి బడిలో పన్నెండో తరగతి వాళ్ల వీడ్కోలు పార్టీ వస్తోందంటే ముగ్గురం బజారుకు వెళ్లాం. నీలం రంగు లెహంగా ఒకటి ఒంటికి ఆనించుకుని అద్దం ముందు నిలబడింది. దుకాణంలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మా వాడు మాత్రం దానికి వేలాడుతున్న ధర చీటీ చూశాడు. చూసి, "ఆ రంగు నీకు నప్పదమ్మా, నువ్వు చామనఛాయ గదా," అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. ఉన్నది చాలనప్పుడు నోటికి ఏ మాట దొరికితే ఆ మాట వచ్చేస్తుంది. కాని ఆ పిల్ల అద్దంలో తన ముఖాన్ని చూసుకున్న చూపు నేను చూశాను. లెహంగా అక్కడే పెట్టేసి, వేరేదేదో తీసుకుంది. నలుగురిలో కొడుకును తప్పుపట్టలేక ఊరుకున్నాను. ఇంటికి వచ్చే దారంతా మా తాతయ్య మాటే నా మనసులో మెదిలింది. ఎవరి పరువైనా కాపాడాలంటే వంక వస్తువుకు పెట్టాలి, మనిషికి కాదు. మన సొంత పిల్లకైతే ఆ వంక కూడా అక్కర్లేదు, నిజమే చెప్పొచ్చు. ఇన్నేళ్లూ నేను మోసుకొచ్చిన ఆస్తి అంతే.

ఇంటికొచ్చాక, మా వాడు వింటుండగానే మనవరాలిని పిలిచి కూర్చోబెట్టాను. "లెహంగా మంచిది. ఆ రంగు నీకు ఎంతో బాగుంది. మన దగ్గర అంత లేదు తల్లీ," అన్నాను.

మా వాడు తల వంచుకున్నాడు. పిల్ల నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది, ఏడవనిచ్చాను. చాలాసేపటికి తల ఎత్తింది. లెహంగా ఊసే ఎత్తలేదు.

"నిజంగా నాకు నప్పిందా నానమ్మా?" అని అడిగింది.

నప్పిందని చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.