కాయని చెట్టుకు కాపలా

బొప్పాయి తోటలో పనిచేసే ఆవిడను అందరూ పెళ్లిళ్ల పేరమ్మ అనేవారు. మగచెట్టు పుప్పొడి తెచ్చి ఆడపూలకు అద్దడం, అద్దిన పూలకు కాగితపు సంచి తొడిగి చీటీ కట్టడం ఆమె పని. కొత్త రకాలు పుట్టించే తోట అది.

అందులో ఒక మగచెట్టంటే ఆమెకు ప్రాణం. చుట్టూ ఉన్నవాటికి ఆకుముడత తెగులు సోకినా దాని ఆకు నిగనిగలాడేది. దాని పుప్పొడితో కట్టిన గింజ వేస్తే అచ్చం అదే చెట్టు మళ్లీ రాదు. అందుకని అది ముసలిదయ్యేలోగా తల నరికి, పక్కల వేసిన పిలకలు కోసి, తడి ఇసుకలో గుచ్చి వేళ్లు పట్టించేది. అలా పదహారేళ్లలో ఆ చెట్టు అయిదుసార్లు కొత్త ఒళ్లు తొడుక్కుంది.

కొత్తగా వచ్చిన అధికారి చోటు చాలడం లేదని, ఒకటి రెండు ఉంచి మిగతా మగచెట్లన్నీ కొట్టేయమన్నాడు. మంచివాడే కానీ తొందర మనిషి. పుప్పొడికి ఏ మగచెట్టయినా ఒకటే కదా అన్నాడు. ఆమె నచ్చజెప్పబోయింది, వినలేదు. ఆ సాయంత్రం, కొట్టేయబోతున్న ఆ చెట్టువి రెండు పిలకలు తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. ఒకటి కుళ్లిపోయింది. రెండోది స్నానాల గది కిటికీలో, పాత డబ్బాలో చిగురించింది. దాన్ని ఎండకూ నీడకూ మార్చే పని భర్త మీద పడింది. ఆయన దర్జీ. మిషను వదిలి లేచినప్పుడల్లా "ఇల్లరికపు అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవే" అని గొణిగేవాడు. గొణుగుతూనే నీళ్లు పోసేవాడు.

మూడో ఏడు తెగులు తోటంతా ఊడ్చేసింది. నిలిచినవి నాలుగే చెట్లు. అధికారి పాత పుస్తకాలు తిరగేస్తే, నాలుగింటికీ తండ్రి ఆ కొట్టేసిన చెట్టేనని తేలింది. ఆయన తల పట్టుకున్నాడు.

మర్నాడు ఆమె, ఇంట్లో మళ్లీ పిలక కోసి పెంచుకున్న ఆ చెట్టును తొట్టితో సహా పట్టుకుని ఆటో దిగింది.

"అడక్కుండా తీసుకెళ్లాను సార్, తప్పే. ఏమన్నా నన్ను అనండి. దీన్ని మాత్రం ఈసారి ఉంచండి."

ఆయన చాలాసేపు ఆకులు తిప్పి తిప్పి చూశాడు.

"తప్పు నాదమ్మా. దీన్ని ఎలా బతికించారో నాకూ నేర్పండి."

నేర్పింది. ఆయన నాటిన మొదటి మూడు పిలకలూ కుళ్లాయి. నీళ్లు మరీ ఎక్కువ పోస్తున్నారని చెప్పడానికి ఆమెకు రెండు రోజులు మొహమాటం అడ్డొచ్చింది.

ఇప్పుడు మగచెట్లకంటూ ఒక షెడ్డు ఉంది. ఒక్కో రకం మూడేసి తొట్లలో, ఒకటి పోయినా రెండు మిగిలేలా. ఆమె పొద్దున్నే వరసలన్నీ తిరిగి, వేలితో మట్టి తడి చూసుకుని, ఆ తర్వాతే టీ తాగుతుంది.